డిజైన్ పనికి ఏ కంప్యూటర్? మాక్, విండోస్, లినక్స్‌ల మధ్య అసలు తేడాలు

పెళ్లి శుభలేఖ, దుకాణం ముందు ఫ్లెక్సీ, పాఠశాల వార్షిక సంచిక, చేనేత సంఘం వెబ్‌సైట్. వీటన్నిటి వెనుకా కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే డిజైనర్ ఒకరుంటారు. ఏ కంప్యూటర్ కొనాలన్నది ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారి మొదటి ప్రశ్న. చిన్న పట్టణంలో డీటీపీ కేంద్రం నడిపేవారికి అది అప్పుతో ముడిపడిన ప్రశ్న కూడా. తప్పుగా ఎంచుకుంటే డబ్బుతో పాటు ఏళ్ల తరబడి చేసిన పని కూడా చిక్కుల్లో పడవచ్చు.

ఈ ప్రశ్నకు సాధారణంగా మూడు జవాబులు వినిపిస్తాయి. డిజైనర్ అంటే మాక్ ఉండాల్సిందేనన్నది ఒకటి. మన ప్రెస్సులన్నీ విండోస్ మీదే నడుస్తాయి కాబట్టి వేరేది కొంటే పని సాగదన్నది రెండోది. లినక్స్ ఉచితంగా దొరుకుతుంటే డబ్బు పెట్టడం ఎందుకన్నది మూడోది. మూడింటిలోనూ కొంత నిజముంది. అయితే ఆ నిజాల వెనుక ఉన్న కారణాల్లో కొన్ని ఎప్పుడో చెల్లిపోయాయి, కొన్ని ఇంకా బలంగా ఉన్నాయి. తెలుగులో పనిచేసేవారికి వాటిలో అన్నిటికన్నా పెద్ద కారణం అక్షరం.

మాక్‌కు ఆ పేరు ఎలా వచ్చింది?

ఆపిల్ సంస్థ 1984 జనవరిలో మెకింతోష్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. దాని తెర నలుపు తెలుపుల్లోనే ఉండేది. అడ్డంగా 512, నిలువుగా 342 చుక్కలు. ఆ చుక్కలు అంగుళానికి 72 చొప్పున అమరి ఉండేవి. అచ్చు పనిలో అక్షరాల పరిమాణాన్ని కొలిచే పాయింటు కూడా అంగుళంలో 72వ వంతే. అంటే తెర మీద ఒక చుక్కకు కాగితం మీద ఒక పాయింటు సమానం. తెర మీద చూసిన పేజీ దాదాపు అదే కొలతలో కాగితం మీదికి వచ్చేది.

మరుసటి ఏడాది మూడు విషయాలు ఒకచోట కలిశాయి. మొదటిది అంగుళానికి 300 చుక్కలతో ముద్రించే ఆపిల్ లేజర్‌రైటర్. రెండోది దానిలో ఇమిడిన అడోబీ సంస్థ పేజీ వర్ణన భాష పోస్ట్‌స్క్రిప్ట్. మూడోది పేజీలను తెర మీదే అమర్చుకునే ఆల్డస్ సంస్థ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్. ఈ కలయికతోనే డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే మాట వాడుకలోకి వచ్చింది. మన వీధుల్లో బోర్డుల మీద కనిపించే డీటీపీ అదే. 1987లో ఇలస్ట్రేటర్, 1990లో ఫొటోషాప్ కూడా మొదట మాక్ మీదే వచ్చాయి. ఫొటోషాప్ కోసం విండోస్ వాడుకదారులు రెండేళ్లకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. డిజైనర్ల యంత్రంగా మాక్‌కు పేరు స్థిరపడింది ఆ సంవత్సరాల్లోనే.

మరోవైపు 1989లో కోరల్‌డ్రా విండోస్ మీద మొదలైంది. విడిభాగాలు తెచ్చి స్థానికంగా బిగించే పీసీల ధర తక్కువ. చెడిపోతే బాగుచేసేవారు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. అందుకే మన దేశంలో డీటీపీ కేంద్రాలు ఎక్కువగా విండోస్, పేజ్‌మేకర్, కోరల్‌డ్రాల మీద పెరిగాయి. ఇప్పుడు ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ మూడూ మాక్‌లోనూ విండోస్‌లోనూ ఒకేలా పనిచేస్తాయి. కోరల్‌డ్రా కూడా 2019 నుంచి మళ్లీ మాక్‌లో దొరుకుతోంది. ఫలానా సాఫ్ట్‌వేర్ మాక్‌లోనే ఉంటుందన్న పాత కారణం ఇప్పుడు చాలావరకు చెల్లదు.

ఒకే బొమ్మ, రెండు వెలుగులు

రంగుల విషయంలో మాక్, విండోస్‌ల మధ్య చాలాకాలం నిజమైన తేడా ఉండేది. బొమ్మలో ప్రతి చుక్కకూ సున్నా నుంచి 255 వరకు ఒక విలువ ఉంటుంది. ఆ విలువను ఎంత వెలుగుగా మార్చాలో చెప్పే సూత్రంలో గామా అనే సంఖ్య వస్తుంది. విండోస్ ప్రపంచంలో అది 2.2. మాక్‌లో 1.8 ఉండేది. మధ్యస్థంగా ఉన్న బూడిద రంగునే తీసుకుంటే, గామా 1.8 ఉన్న తెర గరిష్ఠ వెలుగులో సుమారు 29 శాతం ఇస్తుంది. గామా 2.2 ఉన్న తెర అదే విలువకు సుమారు 22 శాతమే ఇస్తుంది. అందుకే మాక్‌లో చక్కగా కనిపించిన ఫొటో విండోస్‌లో చీకటిగా, విండోస్‌లో సిద్ధం చేసిన ఫొటో మాక్‌లో వెలిసినట్టుగా కనిపించేది.

ఆపిల్ 2009లో విడుదల చేసిన మాక్ ఓఎస్ పదో తరం ఆరో కూర్పు నుంచి గామాను 2.2కు మార్చింది. ఎస్‌ఆర్‌జీబీ అనే ఉమ్మడి రంగుల ప్రమాణం 1996లో ప్రతిపాదితమై, 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా స్థిరపడింది. వెబ్‌లో ప్రత్యేకంగా చెప్పని ప్రతి రంగునూ ఆ ప్రమాణం ప్రకారమే లెక్కిస్తారు. ఇలా ఆ పెద్ద తేడా తొలగిపోయింది.

మిగిలిన తేడా రంగుల నిర్వహణలో ఉంది. ప్రతి తెరకూ, ప్రింటర్‌కూ దాని రంగుల స్వభావాన్ని వివరించే ప్రొఫైల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. మాక్‌లో 1993 నుంచి ఉన్న కలర్‌సింక్ వ్యవస్థ ఆ ప్రొఫైల్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలోనే వాడుకుంటుంది. విండోస్‌లో ఆ బాధ్యత ఎక్కువగా ఆయా సాఫ్ట్‌వేర్‌లదే. ఫొటోషాప్ దాన్ని పాటిస్తుంది, పాటించనివీ ఉంటాయి. ఎస్‌ఆర్‌జీబీ కన్నా ఎక్కువ రంగులు చూపగల ఖరీదైన తెరను విండోస్‌కు తగిలిస్తే కొన్ని కిటికీల్లో ఎరుపులు, ఆకుపచ్చలు అతిగా మెరుస్తున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. లినక్స్‌లో ఈ పని ఆలస్యంగా మొదలైంది. కొత్త డెస్క్‌టాప్‌లలో ఇటీవలే స్థిరపడుతోంది.

అయితే ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా తెర నాణ్యతే ఎక్కువ ప్రభావం చూపుతుంది. చవక ల్యాప్‌టాప్ వివరాల్లో తెర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే, అది ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా చూపలేదని అర్థం. అలాంటి తెర మీద కుంకుమ రంగుకూ ఇటుక రంగుకూ తేడా తెలియడం కష్టం. ఎస్‌ఆర్‌జీబీ నూరు శాతం చూపే ఐపీఎస్ తెరను మామూలు పీసీకి తగిలించినా ఈ లోపం చాలావరకు తీరుతుంది.

ఏ వేదికా దాటలేని హద్దు మరొకటుంది. తెర వెలుగును వెదజల్లుతుంది, కాగితం తన మీద పడిన వెలుగును తిప్పికొడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయికతో తెర మీద మెరిసే చిలకపచ్చను నీలి, గులాబి, పసుపు, నలుపు సిరాల కలయికతో కాగితం మీద సాధించలేం. అచ్చుకు వెళ్లే పనిని ముందుగానే ఆ నాలుగు సిరాల రంగుల్లోకి మార్చి చూసుకోవాలి. ఈ ముందుచూపు లేకపోతే ఎంత ఖరీదైన మాక్ మీద చేసిన శుభలేఖ అయినా ప్రెస్ నుంచి మసకగానే వస్తుంది.

ఎంత జ్ఞాపకశక్తి కావాలి?

వేగం గురించి మాట్లాడేటప్పుడు ప్రాసెసర్ పేరే ముందు వినిపిస్తుంది. డిజైన్ పనిలో ముందు లెక్కించాల్సింది మెమరీ, అంటే ర్యామ్. ఏ4 పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున తయారుచేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. మొత్తం సుమారు 87 లక్షలు. నాలుగు సిరాల విధానంలో ఒక్కో చుక్కకు 4 బైట్లు కావాలి. అంటే పేజీ నిండా ఉన్న ఒక్క పొరకు దాదాపు 35 మెగాబైట్లు. అలాంటి పొరలు 50 ఉంటే 1.7 గిగాబైట్లు దాటుతుంది. వెనక్కి వెళ్లి మార్పులు రద్దు చేసుకునేందుకు సాఫ్ట్‌వేర్ దాచుకునే నకళ్లు, బ్రౌజర్, ఆపరేటింగ్ సిస్టమ్ వాడకం దీనికి అదనం. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల ఎత్తు ఫ్లెక్సీని అంగుళానికి 72 చుక్కలతో చేసినా ఒక్క పొరకే దాదాపు 180 మెగాబైట్లు పడుతుంది. ఈ లెక్కన 8 గిగాబైట్ల ర్యామ్ ఇరుకే. 16 ఉంటే మామూలు పనులకు సరిపోతుంది.

ఆపిల్ 2020 నవంబరులో ఎం1 చిప్‌తో మొదలుపెట్టి తన సొంత ప్రాసెసర్లకు మారింది. వాటిలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ భాగం ఒకే మెమరీని పంచుకుంటాయి. తక్కువ కరెంటుతో, వేడెక్కకుండా, ల్యాప్‌టాప్‌లోనూ వేగంగా పనిచేయడం వాటి బలం. ఆ మెమరీని తర్వాత పెంచుకునే వీలు లేకపోవడం బలహీనత. కొనే రోజున ఎంత తీసుకుంటే చివరిదాకా అంతే. బిగించిన విండోస్ లేదా లినక్స్ పీసీలో ఇవాళ 8 గిగాబైట్లతో మొదలుపెట్టి, చేతిలో డబ్బు ఉన్నప్పుడు మరో పలక చేర్చుకోవచ్చు. చిన్న కేంద్రాలకు ఈ వెసులుబాటు చిన్నదేమీ కాదు.

పాత యంత్రాల సంగతి కూడా ఇక్కడే వస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ వంటి షరతుల వల్ల చాలా పాత పీసీలు విండోస్ 11కు అర్హం కావు. అలాంటి పీసీలు పారేయకుండా మరికొన్నేళ్లు సురక్షితంగా నడవడానికి లినక్స్ ఒక దారి.

తెలుగు అక్షరం దగ్గర అసలు పరీక్ష

ఇంగ్లిష్‌లో ఒక అక్షరం నొక్కితే ఒక ఆకారం వస్తుంది. తెలుగు అలా కాదు. ‘స్త్రీ’ అన్న మాట కంటికి ఒకే ముద్దగా కనిపిస్తుంది. యూనికోడ్ ప్రకారం కంప్యూటర్‌లో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని చదివి, స మీద గుడిదీర్ఘం పెట్టి, కింద తవత్తు చేర్చి, క్రారవడి తగిలించే పనిని ఆకృతి ఇంజన్ అనే సాఫ్ట్‌వేర్ భాగం చేస్తుంది. అది ఫాంటులోని నియమాలను చదివి ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో తేలుస్తుంది. విండోస్‌లో డైరెక్ట్‌రైట్, మాక్‌లోనూ ఐఫోన్‌లోనూ కోర్‌టెక్స్ట్, లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ హార్ఫ్‌బజ్ ఈ పని చేస్తాయి. ఒకే ఫాంటు, ఒకే మాట అయినా వేదిక మారితే దాన్ని అమర్చే ఇంజన్ మారుతుంది.

2018 ఫిబ్రవరిలో ఈ సంగతి ప్రపంచమంతటికీ తెలిసింది. ‘జ్ఞా’ అన్న అక్షరం లోపల, కంటికి కనిపించని ఒక విభజన సంకేతం చేరిన ప్రత్యేక వరస ఐఫోన్‌లోకి వస్తే, దాన్ని చూపబోయిన యాప్ కుప్పకూలేది. మాక్‌లోనూ అదే లోపం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే వరస ఏ ఇబ్బందీ లేకుండా కనిపించింది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సవరణ విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. ఒక తెలుగు అక్షరం ఖరీదైన ఫోన్‌ను ఆపేసిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. తప్పు అక్షరానిది కాదు, దాన్ని అమర్చే ఇంజన్‌ది.

తెలుగు విషయంలో వేదికల వయసు కూడా డిజైన్ ప్రపంచపు నమ్మకానికి ఎదురుగా నడిచింది. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు 128 స్థానాల గడి దక్కింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో తెలుగును చూపించగలిగింది. మాక్‌లో తెలుగు ఫాంట్లు కంప్యూటర్‌తో పాటే రావడం 2011లో లయన్ కూర్పుతో మొదలైంది. లినక్స్‌లో పోతన, వేమన, లోహిత్ వంటి ఉచిత ఫాంట్లతో 2000 దశకంలోనే తెలుగు కనిపించింది. డిజైనర్ల యంత్రంగా పేరున్న మాక్ తెలుగులో చివరగా అడుగుపెట్టింది.

అయినా మన ప్రెస్సులు యూనికోడ్ వైపు త్వరగా రాలేదు. దానికి కారణం పేజ్‌మేకర్. దాని చివరి పెద్ద కూర్పు 7, 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ తెలియదు. ఆ లోటును అను, శ్రీలిపి వంటి ఫాంటు వ్యవస్థలు తీర్చాయి. వాటిలో ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చారు. ఒక స్థానంలో తలకట్టు, ఒకదానిలో కొమ్ము, ఇంకోదానిలో వత్తు. తెర మీద, కాగితం మీద కనిపించేది అందమైన తెలుగే. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అక్కడ ఉన్నవి అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల వరసలు. తెలుగు డీటీపీ, పత్రికలు, పుస్తకాలు దశాబ్దాల పాటు నడిచింది ఈ ఏర్పాటుతోనే. అప్పటికి అదే సరైన పరిష్కారం.

దాని ఖర్చు ఇప్పుడు తెలుస్తోంది. అలా టైపు చేసిన పుస్తకాన్ని వెబ్‌లో పెడితే ఫాంటు లేని చోట గజిబిజిగా కనిపిస్తుంది. వెతికితే దొరకదు. ఫోన్‌లో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు కాబట్టి చూపులేని పాఠకులకు అందదు. యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నా వాటి ఫలితాన్ని మాట మాటా సరిచూడాలి. పాత ఫైళ్లు తెరవడం కోసమే పాత విండోస్ యంత్రాలను కదలనీయకుండా కాపాడుకునే కేంద్రాలు అందుకే ఉన్నాయి. ఇక్కడ డిజైనర్‌ను విండోస్‌కు కట్టిపడేసింది విండోస్ గొప్పతనం కాదు, ఫైళ్ల లోపలి సంకేతాలు. తెలుగు డీటీపీలో ఆపిల్ కీబోర్డు అని పిలిచే అమరిక కూడా ఎక్కువగా నడుస్తున్నది విండోస్ యంత్రాల మీదే. చేతివేళ్లకు పట్టిన ఆ అలవాటు కూడా ఒక బంధమే.

ఈ బంధం తెగదా? పొరుగు భాష మలయాళంలో ఒక ఉదాహరణ ఉంది. కేరళ దినపత్రిక జనయుగం 2019లో తన పేజీల తయారీని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మార్చింది. లినక్స్ మీద స్క్రైబస్, జింప్, యూనికోడ్ మలయాళ ఫాంట్లు అక్కడి వేదిక. రోజూ గడువులోపు అచ్చుకు వెళ్లాల్సిన పత్రిక చేయగలిగిందంటే, పనికి అడ్డం వచ్చేది వేదిక కాదని అర్థమవుతుంది. కావలసింది మార్పుకు ముందు శిక్షణ, పాత పాఠాన్ని మార్చుకునే ఓపిక.

మాక్, విండోస్‌లలోనే ఉండేవారికీ దారి ఉంది. ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6 నుంచి తెలుగుతో పాటు పది భారతీయ భాషల యూనికోడ్ పాఠాన్ని సరిగా అమరుస్తుంది. అందుకు పేరా అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఆ ఎంపిక చేయకపోతే వత్తులు విడిపోయి పక్కపక్కన పడతాయి. ఈ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు రాదని చాలామంది అనుకోవడానికి కారణం తరచుగా ఈ ఒక్క అమరికే.

వెబ్ డిజైనర్‌కు మరో లెక్క

అచ్చు డిజైనర్‌కు తన పని ఏ ప్రెస్‌కు వెళ్తుందో తెలుసు. వెబ్ డిజైనర్‌కు తన పేజీని ఎవరు ఏ తెర మీద చూస్తారో తెలియదు. 1990లో ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్‌లో టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌ను రూపొందించింది ఈ తేడాను దృష్టిలో పెట్టుకునే. ఏ యంత్రం నుంచైనా ఒకే సమాచారం అందాలన్నది దాని మూల ఉద్దేశం.

ఆచరణలో తేడాలు చాలాకాలం బాధపెట్టాయి. మాక్ అంగుళానికి 72 చుక్కలు, విండోస్ 96 చుక్కలు అన్న లెక్కతో నడిచేవి. 12 పాయింట్ల అక్షరం మాక్‌లో 12 చుక్కల ఎత్తుంటే విండోస్‌లో 16 చుక్కలుండేది. మాక్‌లో కుదురుగా అమర్చిన పేజీ విండోస్‌లో పొంగిపోయేది. వెబ్ పేజీల అలంకరణ భాష సీఎస్ఎస్ ఇప్పుడు అంగుళమంటే 96 చుక్కలని అందరికీ ఒకే కొలత పెట్టింది.

నేటి తేడాలు బ్రౌజర్ ఇంజన్లలో ఉన్నాయి. క్రోమ్‌కు బ్లింక్, ఫైర్‌ఫాక్స్‌కు గెకో, సఫారీకి వెబ్‌కిట్. మొదటి రెండూ మూడు వేదికల మీదా నడుస్తాయి. సఫారీ విండోస్ కూర్పును ఆపిల్ 2012లో ఆపేసింది. కాబట్టి ఐఫోన్ వాడేవారికి పేజీ ఎలా కనిపిస్తుందో నిజంగా చూడాలంటే ఒక ఆపిల్ పరికరం కావాలి. పాత ఐఫోన్ ఒకటి ఉన్నా పని జరుగుతుంది. ఇక మన దేశంలో పాఠకుల్లో అత్యధికులు చూసేది ఆండ్రాయిడ్ ఫోన్‌లో. పెద్ద తెర మీద ఎంత బాగున్నా, ఎండలో పట్టుకున్న చిన్న ఫోన్ తెర మీద చదవగలగాలి.

ఫైళ్ల పేర్ల దగ్గర ఒక చిక్కు కొత్తవారిని తరచూ పట్టుకుంటుంది. విండోస్, మాక్ మామూలుగా ఫైలు పేరులో పెద్ద బడి, చిన్న బడి ఇంగ్లిష్ అక్షరాలను ఒకటిగానే చూస్తాయి. లినక్స్ వాటిని వేర్వేరు పేర్లుగా చూస్తుంది. వెబ్‌సైట్లను అందించే సర్వర్లలో ఎక్కువ భాగం లినక్స్‌వే. అందుకే ఇంట్లో చక్కగా కనిపించిన బొమ్మలు సర్వర్‌లో పెట్టగానే మాయమవుతాయి. అన్ని పేర్లనూ చిన్న బడి అక్షరాల్లోనే రాయడం అలవాటు చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ఈ కారణంగానే వెబ్ డిజైన్‌తో పాటు ప్రోగ్రామింగ్ కూడా చేసేవారికి లినక్స్ సహజంగా ఒదుగుతుంది. విండోస్ లోపలే లినక్స్ నడిపే వసతిని మైక్రోసాఫ్ట్ 2016 నుంచి ఇస్తోంది.

తెలుగు వెబ్ పేజీకి మరో రెండు జాగ్రత్తలు అవసరం. గౌతమి విండోస్‌తో వచ్చే ఫాంటు. పేజీలో దాని పేరు ఒక్కటే రాస్తే ఫోన్లలో వేరే ఏదో ఫాంటు కనిపిస్తుంది. కాబట్టి ఫాంటును పేజీతో పాటే పంపాలి. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, రామభద్ర, సురవరం వంటి ఫాంట్లు, నోటో తెలుగు ఫాంట్లు ఇందుకు ఉచితంగా దొరుకుతాయి. రెండోది వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడంలో తెలుగు పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. ఎత్తు కట్టడి చేసిన బటన్లలో వత్తులు కోసుకుపోతాయి. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా వరుస ఎత్తు ఇవ్వడం మేలు.

సాఫ్ట్‌వేర్ లెక్కలో లినక్స్ ఎక్కడ?

అడోబీ సాఫ్ట్‌వేర్‌లు లినక్స్‌కు రావు. లినక్స్ వద్దనుకునేవారికి ఇదే ప్రధాన కారణం, సరైన కారణం కూడా. సంస్థలో చేరి పది మందితో ఫైళ్లు పంచుకోవాల్సినవారికి దీన్ని దాటడం కష్టం. అయితే అడోబీ 2013 నుంచి కొత్త కూర్పులను శాశ్వతంగా అమ్మడం మాని చందా పద్ధతికి మారింది. చందా ఆగితే సాఫ్ట్‌వేర్ ఆగుతుంది. నెల నెలా ఆదాయం నిలకడగా లేని చిన్న కేంద్రాలకు అది బరువే.

లినక్స్‌లో ఫొటోలకు జింప్, గీతల బొమ్మలకు ఇంక్‌స్కేప్, పేజీలకు స్క్రైబస్, చిత్రలేఖనానికి క్రిటా ఉన్నాయి. ఈ నాలుగూ విండోస్‌లోనూ మాక్‌లోనూ నడుస్తాయి. అందువల్ల వేదిక మార్చకముందే ఉన్న కంప్యూటర్‌లోనే వీటిని నేర్చుకోవచ్చు. 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6 కూర్పు తెలుగు వంటి లిపులను సరిగా అమరుస్తుంది, నాలుగు సిరాల రంగులతో ప్రెస్‌కు తగిన పీడీఎఫ్ ఇస్తుంది. 2025లో వచ్చిన జింప్ 3లో, వేసిన ప్రభావాలను తర్వాత మార్చుకునే సౌకర్యం చేరింది. నాలుగు సిరాల్లో నేరుగా పనిచేయడం మాత్రం ఫొటోషాప్ స్థాయిలో లేదు. సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ పంపిణీ భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకుని చేసినవే.

మూడు వేదికల మధ్య గోడను ఇటీవల పలచన చేసింది బ్రౌజర్. 2016లో ప్రజలకు అందిన ఫిగ్మా పూర్తిగా బ్రౌజర్‌లోనే నడుస్తుంది. యాప్‌ల, వెబ్‌సైట్ల రూపకల్పనలో ఇప్పుడు అది ప్రధాన పనిముట్టు. దానికి కావలసింది మంచి తెర, తగినంత మెమరీ, నిలకడైన ఇంటర్నెట్. ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా పెద్దగా తేడా ఉండదు.

కొనే ముందు చేయవలసిన పరీక్ష

పైన చెప్పినవన్నీ కలిపి చూస్తే, కంప్యూటర్ ఎంపిక ఆ పని ఎక్కడికి చేరుతుందన్న దాన్ని బట్టి ఉంటుందని తేలుతుంది. స్థానిక ప్రెస్‌తో, పాత అను ఫైళ్లతో రోజూ పని ఉన్నవారికి విండోస్ అవసరం ఇంకొన్నేళ్లు తప్పదు. రంగుల కచ్చితత్వం ముఖ్యమైన ఫొటో, ప్యాకేజింగ్ పనికి, ఊళ్లు తిరుగుతూ ల్యాప్‌టాప్‌లో చేసే పనికి మాక్ తన ధరకు న్యాయం చేస్తుంది. నేర్చుకునే విద్యార్థికి, వెబ్ పని చేసేవారికి, పాత పీసీ తప్ప మరేమీ లేనివారికి లినక్స్ నిజమైన ఆధారం.

ఎంపిక ఏదైనా డబ్బు చెల్లించే ముందు అరగంట పరీక్ష మంచిది. లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, స్వాతంత్ర్యం అన్న మాటలను యూనికోడ్‌లో టైపు చేయాలి. వాడబోయే సాఫ్ట్‌వేర్‌లో వాటిని పెట్టి వత్తులన్నీ సరిగా కూర్చున్నాయో లేదో చూడాలి. ఫాంట్లు అందులోనే ఇమిడేలా పీడీఎఫ్ చేసి, రోజూ పని ఇచ్చే ప్రెస్‌లో ఒక కాగితం తీయించాలి. అదే పీడీఎఫ్‌ను ఒక ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరవాలి. ఒక ఫొటోను తెర మీద, కాగితం మీద పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఈ పరీక్షలో నెగ్గినది ఆ పనికి సరైన కంప్యూటర్.

మరొక అలవాటు ఏ వేదిక మీదైనా పనికొస్తుంది. డిజైన్‌లోకి వెళ్లే తెలుగు పాఠాన్ని ముందుగా యూనికోడ్‌లో ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకోవాలి. ప్రెస్ కోసం పాత ఫాంటులోకి మార్చాల్సి వచ్చినా అసలు ప్రతి యూనికోడ్‌లోనే ఉండాలి. కంప్యూటర్‌ను ఐదారేళ్లకు మారుస్తాం. పాఠశాల సంచికలోని పిల్లల కథను, ఊరి చరిత్ర పుస్తకాన్ని ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఎవరో వెతుకుతారు. యూనికోడ్‌లో ఉంటే అప్పటికి ఏ యంత్రం వచ్చినా అవి దొరుకుతాయి.